వాసన రాని నీళ్లు

సాగర్ కాలువ నీళ్లు నిలవుంచే మా మంచినీళ్ల చెరువు ఊరికి బాగా దూరం. అక్కడ ఫిల్టర్లు నడిపేది నేనొక్కణ్ణే. పొద్దున వెళితే సాయంత్రం దాకా మోటారు మోతే తోడు. మాట్లాడే మనిషి లేక వాల్వులను తిట్టుకుంటూ ఉంటాను.

ఏళ్ల తరబడి నేను నీళ్లు ఫిల్టరుకు వెళ్లకముందే బ్లీచింగ్ కలిపేవాణ్ణి. నిరుడు విజయపురి సౌత్‌లో ట్రైనింగుకు పిలిస్తే, ఆ సంగతి విని అక్కడి లాబ్ మేడమ్ తల పట్టుకున్నారు. ఆకులూ నాచూ కుళ్లిన నీళ్లలో బ్లీచింగ్ పడితే క్రిములు చస్తాయి గానీ, ఆ కుళ్లుతో కలిసి వేరే విషాలు పుడతాయట. ఏళ్లపాటు తాగితే ఒంటికి చేటట. ముందు వడకట్టి తర్వాత వేస్తే కొంచెమే సరిపోతుందన్నారు. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఊరికి నేను తాగించిందేమిటి?

వచ్చిన మర్నాడే పద్ధతి మార్చాను. ఊళ్లో చివరి కుళాయి నీళ్లను గాజుగొట్టంలో పట్టి పరీక్ష చుక్కలు వేస్తే, రావాల్సిన పసుపు రంగు వచ్చింది. బ్లీచింగ్ సరిపడా ఉన్నట్టే. ఘాటు వాసన మాత్రం పోయింది. అదే నా కొంప ముంచింది.

"ఏంది మామా, బ్లీచింగ్ ఎయ్యట్లేదంట? అమ్ముకుంటన్నావా?" అన్నాడు టీ కొట్టు దగ్గర ఒకడు.

విషాల సంగతి చెప్పబోతే నవ్వారు. గాజుగొట్టం చూపిస్తే, "పసుపు కలిపావులే," అన్నారు. ఆ రోజు చెరువు గట్టు మీద కూర్చుని ఏడ్చాను. అక్కడ చూసేవాళ్లెవరు గనక!

వారం తిరక్కముందే జనం కుళాయిలు మాని పొలాల్లో బోర్లకు బిందెలు పట్టుకుపోయారు. ఆ బోర్లలో ఫ్లోరైడు. అవి తాగి పళ్లు గారపట్టి, నడుములు వంగినవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. ఒకనాడు ఇంటికెళితే మా ఆవిడ కూడా బోరు నీళ్ల బిందె దించుతోంది.

"నువ్వు కూడానటే?" అన్నాను.

"ఏం చెయ్యమంటావయ్యా? ఆ నీళ్లు వాసనే రావట్లా," అంది.

మర్నాడు ఫిల్టరుకు ముందే బ్లీచింగ్ కుమ్మరించాను. కుళాయిలన్నీ గుప్పుమన్నాయి. సాయంత్రం మా ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఇయ్యీ నీళ్లంటే," అని నా ముందే గటగటా తాగింది.