చట్టంలోంచి పోయిన రెండు మాటలు

బిష్కెక్‌లో పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే భవనంలో జూరకన్ ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. మేమంతా ఆమెను ఎజె అనేవాళ్లం, అంటే అక్క అని. రిటైరయ్యాక ఇంటిపట్టున ఉంటుందనుకున్నాం. ఉండలేదు.

ఎలా ఉంటుంది? నాలుగేళ్లలో మాకు ముగ్గురు డైరెక్టర్లు మారారు. ఒకరు కుస్తీ కోచ్, ఇంకొకరు మాంసం ఫ్యాక్టరీ మేనేజరు, మూడో ఆవిడ ఓ మంత్రిగారి మరదలు. పైకప్పు రిపేరుకు డబ్బు అడుగుదామన్న ఆలోచన ముగ్గురిలో ఎవరికీ రాలేదు. వాన పడితే మేమే బకెట్లు పెట్టేవాళ్లం.

డైరెక్టరయ్యేవారికి "ప్రభుత్వ ఉద్యోగంలో, దస్తావేజుల పనిలో పదేళ్ల అనుభవం" ఉండాలని చట్టంలో ఒక్క వాక్యం చేర్చమని ఎజె రెండేళ్లు పార్లమెంటు కమిటీ చుట్టూ తిరిగింది. గొర్రెల బీమా బిల్లుందని ఒకసారి, నూరూజ్ పండగని ఒకసారి వాయిదా వేశారు. చివరికి ఏడు నిమిషాలిచ్చారు.

"ఎందుకు ఎజె ఈ గోలంతా? ఫోన్లో ఫొటోలు తీసేసి పారేస్తే పోలా?" అన్నాడు ఒక సభ్యుడు.

"నీ ఇంటి పత్రాలు అలాగే పారేశావా బాబూ?"

అందరూ నవ్వారు. వాక్యం ఆమోదించారు. తీరా అచ్చయి వచ్చాక చూస్తే "ప్రభుత్వ ఉద్యోగంలో పదేళ్ల అనుభవం" అనే ఉంది, "దస్తావేజుల పనిలో" అన్న రెండు మాటలు ఎగిరిపోయాయి. ఎజె వెంటనే ఫోన్ చేసింది.

"వాక్యం పొడుగైందని కుదించారండీ," అన్నాడు గుమాస్తా.

"రెండు మాటలకే ఆయాసం వచ్చిందా మీకు?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ చట్టం ప్రకారమే రోడ్ల శాఖ నుంచి సగిన్ డైరెక్టరుగా వచ్చాడు. నిజం చెప్పాలి, నెల తిరక్కుండా కప్పు బాగుచేయించాడు. ఎజె ఆశ్చర్యపోయి, బోర్సోక్‌లనే పిండి ముక్కలు నూనెలో వేయించి మూట కట్టుకుని అభినందించడానికి వచ్చింది. గేటు దాటగానే కేక పెట్టింది. తడిసిన ఫైళ్లన్నీ జులై ఎండలో, పెరట్లో పరిచి ఉన్నాయి, ఎగిరిపోకుండా మీద రాళ్లు.

"ఎండబెడుతున్నాం ఎజె, తడిశాయిగా!" అన్నాడు సగిన్ సంబరంగా.

"ఆప్రికాట్లనుకున్నావా? సిరా వెలిసిపోతుంది! తియ్యి, నీడలోకి తియ్యి!"

టై విప్పేసి అతనూ మాతోపాటు మోశాడు. అప్పటికే ఒక జిల్లా జనాభా లెక్కల్లో ఊదా సిరా పేర్లు సగం మాయమయ్యాయి. ఎజె ఆ పుటలు వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"నాకెవరూ చెప్పలేదు ఎజె," అన్నాడు మెల్లగా. "వారానికి రెండుసార్లు వచ్చి నేర్పిస్తారా? జీతం మాత్రం ఇవ్వలేను."

"వస్తాను. పోయిన ఆ రెండు మాటలు మళ్లీ చేర్చమని అర్జీ పెడుతున్నా. నువ్వూ సంతకం పెట్టు."

"అది పాసైతే నా ఉద్యోగమే పోతుంది కదా!"

"పోనీ. కప్పు బాగా వేశావు, వెళ్లి రోడ్లు వేసుకో."

రెండు వారాలు తప్పించుకు తిరిగి, సంతకం పెట్టాడు. అర్జీ ఇచ్చి పదకొండు నెలలైంది. ఎన్నికలయ్యాక చూద్దామంటున్నారు. ఎజె సోమ, గురువారాల్లో వస్తోంది. తడి కాగితాన్ని ఎలా విడదీయాలో సగిన్‌కు చూపిస్తూ, మధ్యమధ్యలో అతన్నీ కమిటీనీ కలిపి తిడుతోంది.