తేమంటే భయపడిన మా పెద్దనాయన

మా పెద్దనాయన పోయారని చిక్కబళ్లాపురం నుంచి మనిషి వచ్చి చెప్పాడు. "నిద్దట్లోనే పోయినాడమ్మా, ఏం భయపళ్లేదు" అన్నాడు. ఏడుపు రావడానికంటే ముందు ఆ చివరి మాట నాకు తగిలింది. నాకు తెలిసి మా పెద్దనాయన భయపడకుండా చేసిన పని అదొక్కటే.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. చిక్కబళ్లాపురంలో ఒక శెట్టిగారి మాత్రల కార్ఖానా ఉండేది. బెంగళూరు నుంచి డబ్బాల్లో వచ్చే పెన్సిలిన్ పొడిని మిషను మీద మాత్రలుగా ఒత్తి, సీసాల్లో నింపి, చుట్టుపక్కల ఆస్పత్రులకు పంపేవాళ్లం. సీసాలు నింపే ఆడవాళ్లలో నేనొకదాన్ని. లోపల మిషను ఉన్న గదికి మా పెద్దనాయన కాపలా. దొంగలకు కాదు, గాలికి.

పెన్సిలిన్‌కు తేమ తగిలితే సత్తువ పోతుంది. అందుకని ఆ గదికి కిటికీలు పెట్టలేదు. తలుపు సందుల్లో కంబళి ముక్కలు కుక్కి, గోడల వెంట రేకు పళ్లేల్లో కాల్చిన సున్నపురాళ్లు పోసేవారు. నీళ్లు తగలని సున్నం గాలిలో తేమను పీల్చుకుంటుంది. గోడకు రెండు థర్మామీటర్లు ఉండేవి, ఒకదాని మొనకు తడిగుడ్డ చుట్టి. గాలి పొడిగా ఉంటే తడిగుడ్డది బాగా కిందికి దిగుతుంది. తేమ పెరిగితే రెండూ ఒక్కచోటికి వస్తాయి. అవి దగ్గరవుతున్నాయంటే చాలు, పెద్దనాయన ముఖం పాలిపోయేది, మిషను ఆపించేసేవారు.

ఆయన భయాలు మాకు నవ్వులాటగా ఉండేవి. తలంటుకుని వచ్చిన పిల్లను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. "ఎండలో నిలబడి రాపోమ్మా, నీ జడలో బిందెడు నీళ్లుండాయి" అనేవారు. మబ్బు పట్టిన రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. ఒకసారి మిషను తిప్పే అతను ఉండబట్టలేక, "ఊపిరన్నా తీసుకోనిస్తావా పెద్దాయనా?" అని అడిగాడు. "తీసుకో అప్పా, బయటికి పోయి విడువు" అన్నారు. నవ్వుతూ అన్నమాట కాదది.

ఎందుకింత భయమని నేనే ఓసారి అడిగాను.

"ఈ మాత్ర చెడితే కంటికి కనపడదమ్మా. నాలిక్కి తెలీదు. జొరం వచ్చిన బిడ్డకి ఏస్తేనే తెలిసేది. అప్పుడు తెలిసి ఏం లాభం?"

ఆ మాట విన్నాక ఆయన్ని చూసి నవ్వడం నావల్ల కాలేదు. ఆయన భయం కొంచెం నాకూ అంటుకుంది.

ఆ ఏడు ఆయుధ పూజకు ఆయన ఊళ్లో లేరు. పాతపాళ్యలో కూతురికి పురుడొచ్చిందని వెళ్లారు. ప్రతి ఏడూ ఆ గది తాళంచెవి పెద్దనాయన మొలతాడుకే ఉండేది గనుక శెట్టిగారి తల్లి తలుపుకే బొట్లు పెట్టి తృప్తిపడేది. ఈసారి తాళంచెవి శెట్టిగారింట్లో ఇచ్చి వెళ్లారు. పాపం, ఆవిడ భక్తిగానే చేసింది. బిందెలతో నీళ్లు పోయించి గదంతా కడిగించింది. ఆ నీళ్లు పడి పళ్లేల్లో సున్నపురాళ్లు బుసబుసా పొంగి పిండైపోయాయి. మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, గోడ మీద థర్మామీటర్లు కూడా పనిముట్లే కదా అని, వాటికి నిండుగా చేమంతి దండ వేసింది. పూజ దండ వాడిపోకముందే తీయకూడదని కట్టడి కూడా చేసింది. పండగ వెళ్లాక పని మొదలైంది. దండ వెనక ఏముందో ఎవరూ చూడలేదు. ఒత్తిన మాత్రలు సీసాల్లోకి ఎక్కాయి, మొదటి పెట్టె మర్నాడు పొద్దున బస్సులో బాగేపల్లి ఆస్పత్రికి వెళ్లిపోయింది.

పెద్దనాయన ఆ మధ్యాహ్నమే వచ్చారు. తలుపు తీయగానే ముక్కుతోనే తెలుసుకున్నారు. దండ పైకెత్తి చూశారు. రెండు పాదరసాలూ ఒకే మట్టంలో నిలబడి ఉన్నాయి.

"ఒత్తినవి యాడికి పోయినాయి?"

నేనే చెప్పాను, బాగేపల్లికని. ఆయన గోడకు ఆనుకున్నారు. శెట్టిగారు వచ్చి, "ఒక పూట తేమకి ఏమయితాదప్పా? పండగనాళ్లలో అట్లాంటి మాటలు మాట్లాడొద్దు" అన్నారు.

"అయితాదో లేదో నాకు తెలీదు సామీ. తెలీకనే పోతాండా" అన్నారు పెద్దనాయన. నా వైపు తిరిగి, "నువ్వూ రామ్మా. ఒక్కణ్ణే పోలేను, కాళ్లు వణకతాండాయి" అన్నారు.

వెంటనే బాగేపల్లి బస్సెక్కాం. పేరేసంద్రలో బస్సు ఆగి, డ్రైవరు కాఫీకని దిగితే, ఈయన కిందికి దిగి అతని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అతను సగం గ్లాసు వదిలేసి వచ్చాడు. "ఈపాటికి ఎవరికన్నా ఏసుంటారా?" అని దారి పొడుగునా నన్నే అడిగారు. నాకేం తెలుసు?

మేం ఆస్పత్రి చేరేసరికే వేసేశారు. పెట్టెలో ఒక సీసా మూత తీసి ఉంది. లోపలి మంచం మీద జ్వరంతో కాలిపోతూ చిన్నపిల్ల, పక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. పెద్దనాయన డాక్టరుకు ఏదీ దాచకుండా చెప్పారు. ఆ డాక్టరుది మైసూరు వైపు, "గాబరి బేడ, గాబరి బేడ" అని కన్నడంలో కంగారు పడొద్దంటూనే, పెట్టె పక్కన పెట్టించి, బీరువాలోని సూదిమందు తీసి పిల్లకు పొడిచారు. ఇక చెమట పట్టి జ్వరం దిగేదాకా కాచుకోవాలన్నారు.

అక్కడితో తిరిగొచ్చేయొచ్చు. ఈయన పోయి ఆ పిల్ల తల్లికి కూడా చెప్పారు. "మా మందు చెడిందేమోనమ్మా. పొద్దున ఏసింది పనిచేసిందో లేదో." ఆవిడ కాసేపు అర్థం కానట్టు చూసి, అర్థమయ్యాక ఆయన చొక్కా పట్టుకుంది. "నా బిడ్డకి ఏమన్నా అయితే?"

"ఈడనే కూర్చుంటా తల్లీ" అన్నారు.

కూర్చున్నారు. తెల్లారినా కదలలేదు. లోపల పిల్ల దగ్గినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి నిలబడేవారు. నేనూ అంతే భయపడ్డాను, పిల్లకేమవుతుందోనని ఒక భయం, పిల్లకేమన్నా అయితే ఈయనేమవుతారోనని ఇంకో భయం.

మరునాడు ఎండ నడినెత్తికి వచ్చాక ఆ తల్లి గుమ్మంలోకి వచ్చింది. నిన్నటి కోపం లేదు, ముఖంలో నెత్తురు కూడా లేదు. "అప్పా, నువ్వొచ్చి చెయ్యేసి చూడు. నా చేతులు సచ్చిపోయినాయి, నాకేం తెలీడం లేదు" అంది.

ఆయన వెళ్లలేకపోయారు. నేను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. పిల్ల నుదుటి మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి తీయకుండా చాలాసేపు నిలబడ్డారు. తర్వాత మెడ కింద పెట్టి చూశారు.

"తడి" అన్నారు. "తడిగా ఉండాదమ్మా. చెమట పట్టింది బిడ్డకి."

తిరుగు బస్సులో ఆయన అరచేతిని వెల్లకిలా మోకాలి మీద పెట్టుకుని, దాన్నే చూసుకుంటూ కూర్చున్నారు. చిక్కబళ్లాపురంలో దిగేదాకా దాన్ని పంచెకు తుడుచుకోలేదు.