ఎర్రమూత మందు, తెల్లమూత మందు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, మా కామాటిపుర గల్లీలో ఎవరైనా తెల్లకోటు తొడుక్కుంటే చాలు, వాళ్ళకు సగం వైద్యం వచ్చేసినట్టే లెక్క. మిగతా సగం ఎలాగూ మా చాళ్‌లో అందరికీ పుట్టుకతోనే వచ్చు. ఎవరైనా తుమ్మితే ఒకరు వాము పొగ పట్టమనేవారు, ఒకరు మిరియాల కషాయం తాగమనేవారు, పక్క ఖోలీ వాళ్ళు తమ అల్లుడికి డాక్టరు రాసిన గోళీల్లో మిగిలినవి తెచ్చి చేతిలో పెట్టేవారు. (ఆ అల్లుడికి వచ్చింది విరేచనాలు. అయితే ఏమైంది, దవాఖాన గోళీని పారేస్తామా?) ఒంట్లో బాగాలేదని పైకి చెప్పుకోవాలంటే కాస్త ధైర్యం కావాల్సిన కాలం అది. ఇప్పుడు మందుసీసా మీద అక్షరాలు చదవడానికి కళ్ళజోడు వెతుక్కునే వయసులో ఆ రోజులు గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఇంకేదో కూడా వస్తుంది.

మా చాళ్ అంటే పొడుగాటి వరండాలు, వాటి వెంట వరసగా ఒక్కో కుటుంబానికి ఒక్కో ఒంటిగది ఖోలీ, పైకి వెళ్ళడానికి నిచ్చెన లాంటి నిట్టనిలువు చెక్కమెట్లు, కింద అందరికీ కలిపి ఒకే ఒక్క నల్లా. అక్కడి నుంచి మందుల చదువు చదివిన మొదటి పిల్లను నేను. చదువు కాగానే ఒక కాలేజీలో మూలికల మందుల మీద పరిశోధన చేసే విభాగంలో చేరాను. చేరాను అని గొప్పగా అంటున్నాను గాని, వేర్లు దంచడం, పొడి జల్లెడ పట్టడం, సీసాలు కడగడం, ఇదీ పని. అదీ తాత్కాలికం. "పని నచ్చితే ఉంచుకుంటాం, లేదంటే లేదు" అని మా పెద్దసారు మొదటిరోజే తేల్చి చెప్పారు. ఆయన మరాఠీ మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవారు. నవ్వడం ఆయన చిన్నప్పుడెప్పుడో మానేసిన అలవాటని మా విభాగంలో చెప్పుకునేవాళ్ళు. ఇక్కడేమో మా నాయిన తను పనిచేసే నాగ్‌పాడా కార్ఖానాలో ప్రతి ఒక్కరి చెవినా "మా పోరి దవాలు తయారు చేస్తది" అని వేసేశాడు. ఆ ఉద్యోగం గనక పోతే నేను మళ్ళీ మా గల్లీలోకి ఏ మొహం పెట్టుకుని రావాలో నాకు తెలియలేదు.

అలా ఉండగా పెద్దసారు మోకాళ్ళ నొప్పులకు ఒక చూర్ణం తయారుచేశారు. వావిలాకు, శొంఠి, ఇంకేవో మూలికలు. దాన్ని మనుషుల మీద పరీక్షించాలి. "మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఒకేచోట ఎక్కడ దొరుకుతారు?" అని ఆయన అడగడం ఆలస్యం, "మా చాళ్‌లో సార్!" అన్నాను, మా ఇంట్లో మామిడితోట ఉందన్నంత గర్వంగా. అందులో అబద్ధమేమీ లేదు. తాతల నాడు పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి గోడలు కట్టిన వాళ్ళ సంతానం మేము. ఇసుక తట్టలూ ఇటుకలూ మోసి మోసి అరిగిన మోకాళ్ళు మా వరండా నిండా ఉండేవి. మా నాయనమ్మ అయితే మెట్లు దిగడమే మానేసింది. కిందికి దిగిన మనిషి మళ్ళీ పైకి ఎక్కాలి కదా అని ఆమె ముందుచూపు.

పరీక్ష పద్ధతి ఇది. సగం మందికి ఎర్రమూత డబ్బా, సగం మందికి తెల్లమూత డబ్బా. ఒకదాంట్లో అసలు మందు, ఇంకోదాంట్లో చూడ్డానికి అలాగే ఉండే ఉత్త పిండి. ఏది ఏదో పెద్దసారుకు తప్ప నాక్కూడా తెలియదు. నొప్పి తగ్గితే అది మందు గొప్పతనమా, మందు తింటున్నామన్న నమ్మకం గొప్పతనమా తేల్చడానికి ఇలా చేస్తారు. నేను పరుపు కింద పెట్టి ముడతలు తీసిన తెల్లకోటు తొడుక్కుని, వరండాలో అందరినీ కూర్చోబెట్టి, ఎండాకాలంలో ఆ కోటులో చెమటలు కక్కుతూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. రెండు రకాల పొడులున్నాయని, ఒకటి బాగా పనిచేయొచ్చని, ఒకటి అస్సలు పనిచేయకపోనూ వచ్చని, అదే కనుక్కుంటున్నామని, ఎవరి డబ్బా వాళ్ళే వాడుకోవాలని చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. "అట్లనే బిడ్డా, నువ్ జెప్పినంక ఇంకేముంది" అన్నారు. అందరికన్నా గట్టిగా తల ఊపింది నల్లా పెద్దమ్మ.

నల్లా పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ నియమించలేదు. కాని పొద్దున నల్లా వచ్చేసరికి స్టూలు వేసుకుని దాని పక్కన కూర్చునేది. ఏ ఖోలీకి ఎన్ని బిందెలో ఆమె మాటే మాట. చుట్టాలొచ్చారన్నా, ఇంట్లో పెళ్ళి అన్నా, వంతు వంతే. సొంత చెల్లెలు ఒక చెంబు ఎక్కువ పట్టుకుందని బిందెలోంచి ఆ చెంబెడు తిరిగి తీయించిన మనిషి. ఊరి నుంచి ఎవరికైనా సజ్జరొట్టెలొచ్చినా, పచ్చడి జాడీ వచ్చినా అది ఆమె ముందుకు రావాల్సిందే, చాళ్ అంతా సమంగా పంచాల్సిందే. ఇంత తెలిసిన నేను, ఆమె ముందు నిలబడి, "మీలో కొందరికి మంచిది, కొందరికి ఉత్తది" అని ఉపన్యాసం ఇచ్చి వచ్చాను! చదువుకున్న పిల్లను కదా మరి.

వారం వారం ఖోలీ ఖోలీ తిరిగి "నొప్పి ఎట్లుంది?" అని అడిగేదాన్ని. మొదటి వారమే "జర తక్కువైంది బిడ్డా" అన్నారు. తర్వాత వారం "మస్తు తక్కువైంది" అన్నారు. ఒకప్పుడు పేరున్న మేస్త్రీ, ఇప్పుడు గోడ పట్టుకుని నడిచే మేస్త్రితాత అయితే, "ఏక్‌దమ్ పోరనిలెక్క అయిన. మల్ల లగ్గం జేస్కుందామనుకుంటున్న" అన్నాడు. (లోపలి నుంచి ఆయన భార్య "జేస్కో, ఎవరొద్దన్నరు" అంది.) మా నాయనమ్మ కూడా "తగ్గింది బిడ్డా" అంటూనే, గోడను రెండు చేతులతో పట్టుకుని లేచేది. అది నా కళ్ళ ముందే జరిగేది. నేను ఆనందంగా "తగ్గింది" అని రాసుకునేదాన్ని. నాకు అప్పుడు కళ్ళు చాలా బాగా కనబడేవి, ఏం లాభం?

పెద్దసారు నా కాగితాలు చూసి కనుబొమలు ముడిచారు. ఎర్రమూతకూ తగ్గింది, తెల్లమూతకూ తగ్గింది, అందరికీ ఒకేలా తగ్గింది. "పిండి తిన్నవాళ్ళకే ఇంత తగ్గిపోతే మనం ఈ విభాగం మూసేసి పిండిమర పెట్టుకుందాం" అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, "నువ్వు నిజంగా ఒక్కొక్కరినీ అడిగావా, ఇంట్లో కూర్చుని రాసేశావా?" అన్నారు. అడిగాను సార్ అన్నాను. "అయితే రేపు నేనే వచ్చి చూస్తాను. దాన్ని బట్టి నిన్ను ఉంచాలా వద్దా అన్నది" అని లేచిపోయారు. ఇంటికొచ్చి నాయనమ్మ ముందు ఏడ్చాను. నాయనమ్మ నా తల నిమిరి వరండాలోకి వెళ్ళి ఎవరితోనో ఏదో గుసగుసలాడింది. మర్నాడు నల్లా వచ్చే వేళకు ఆ మాట చాళ్ అంతా తెలిసిపోయిందన్న సంగతి నాకు తర్వాత గాని తెలియలేదు.

పెద్దసారు ఫోరస్ రోడ్ మీద బస్సు దిగి, గొడుగు చంకలో పెట్టుకుని మా గల్లీలోకి వచ్చారు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టారో లేదో, మేస్త్రితాత చొక్కా విప్పేసి గుంజీలు తీయడం మొదలుపెట్టాడు. ఇద్దరు ముసలమ్మలు మెట్ల మీద పైకీ కిందికీ పందెం వేసుకున్నట్టు తిరిగారు. ఒకామె నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేయి ఆనించకుండా లేచి, మళ్ళీ కూర్చుని, "దేఖో సాబ్, దేఖో" అంది. ఒక్కొక్కరి మొహమూ ఎర్రగా కందిపోయింది. సారు దారి తప్పి కుస్తీల తాలింఖానాలోకి వచ్చినవాడిలా నిలబడిపోయారు. నాకు మాత్రం గర్వంతో గుండె పొంగిపోయింది. అప్పుడు పైమెట్టు మీద మా నాయనమ్మ కనబడింది. కొంగు బిగించి దోపుకుని, ఒక్కో మెట్టే దిగుతోంది. నేను పట్టుకోబోతే "జరుగు, నాకేం గాలే" అని కసిరింది. చివరి మెట్టు దాకా వచ్చి, అక్కడే కూలబడి, చెమట తుడుచుకుని సారు వంక చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక నా గర్వం కాస్త చల్లారింది. ఏదో తేడాగా ఉందని మొట్టమొదటిసారి అనిపించింది.

సారు కూడా నాయనమ్మనే చూస్తున్నారు. ఆమె డబ్బా తెమ్మన్నారు. తెల్లమూత తీసి చిటికెడు నోట్లో వేసుకున్నారు. మొహం చిట్లించారు. మేస్త్రితాత డబ్బా ఎర్రమూతది తెప్పించి మళ్ళీ చిటికెడు వేసుకున్నారు. మొహం అలాగే చిట్లింది. వరసగా అన్ని డబ్బాలూ రుచి చూసి, "అన్నీ ఒకే రుచి. ఎలా?" అని నా వంక తిరిగారు. నేను బిక్కమొహం వేశాను. నల్లా పెద్దమ్మ ముందుకొచ్చి, సన్మానం అందుకోవడానికి వచ్చినంత ధీమాగా, "సగళా ఏక్ కేలా సాహెబ్!" అంది. అంతా ఒకటి చేసేశామని ఆయనకు మరాఠీలో అర్థమైంది. నాకు ఆ మిగతాది తెలుగులో అందింది.

"ఏమైంది బిడ్డా గట్ల జూస్తవ్? ఎర్రమూతది చేదుండె, తెల్లమూతది సప్పగుండె. ఒక్క నల్లా నీళ్ళు తాగేటోళ్ళం, ఒకరికి అసలుది, ఒకరికి ఉత్తదా? నువ్ సిన్నపిల్లవు, తెలవక పంచినవ్. మొదటి దినమే అందరి డబ్బలు నల్లా కాడికి తెమ్మన్న. పెద్ద పరాత్ పళ్ళెంల పోసి కలిపి, చాయ్ గిలాసతోని బరాబర్ పంచి, ఎవరి మూత వాళ్ళకు పెట్టిన. నీకు జెప్తే నొచ్చుకుంటవని జెప్పలే."

ఇదంతా సారుకు మరాఠీలోకి మార్చి చెప్పాల్సింది నేనే. నా ఉద్యోగం ఎలా ఊడిందో నేనే ఒక్కో మాటగా తర్జుమా చేసి వినిపించాను. ఆయన అంతా విని, "సరే. ఇంతకీ ఎవరికైనా నొప్పి నిజంగా తగ్గిందా?" అని అడిగారు. ఒక్కరూ ఆయన వంక చూడలేదు, అందరూ నా వంకే చూశారు. చివరికి నల్లా పెద్దమ్మే గొంతు తగ్గించి, మరాఠీలో, "తగ్గిందంటే పోరికి నౌకరి ఉంటుందా సాహెబ్?" అంది. అప్పుడు గాని నాకు విషయం తలకెక్కలేదు. నేను వారం వారం రాసుకెళ్ళింది వీళ్ళ మోకాళ్ళ సంగతి కాదు, వీళ్ళకు నా మీదున్న ప్రేమ సంగతి. అక్కడే నిలబడి బావురుమన్నాను.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరో చాయ్ ఇస్తే అందుకుని, నాయనమ్మ పక్కనే మెట్టు మీద కూర్చుని, "డాక్టరు ఇచ్చిన మందులు కూడా ఇలాగే పంచుకుంటారా?" అని అడిగారు. ఇంకేముంది, గేట్లెత్తేసినట్టయింది. ఒకామె తన బీపీ గోళీ కోడలితో కొట్లాడిన రోజు మాత్రమే వేసుకుంటానంది. కొట్లాట లేని రోజు బీపీ ఎందుకుంటుందని ఆమె ప్రశ్న. ఇంకొకామె పెద్ద గోళీలు మగవాళ్ళకని, చిన్నవి తనకని విడదీసిందట. మేస్త్రితాత గుంజీల ఆయాసం తీరక, దగ్గు మందులో నీళ్ళు కలిపితే నెలంతా వస్తుందన్న రహస్యం రొప్పుతూ చెప్పాడు. సారు చాయ్ చల్లారిపోయింది. ఆయన నోరు తెరుచుకుని వింటూనే ఉన్నారు. ఒక దశలో ఆయన భుజాలు కదిలాయి. నవ్వారని నేను మా విభాగంలో చెబితే ఎవరూ నమ్మలేదు.

బస్‌స్టాప్ దాకా ఆయన వెంట నడిచాను. "ఆ చూర్ణం పరీక్ష పాడైపోయింది. ఇంకోచోట మొదటి నుంచి చేయాలి" అన్నారు. నేను తల వంచుకున్నాను. "నువ్వు దానిలోకి రావద్దు. జనం మందు ఇంటికి తెచ్చుకున్నాక దాన్ని ఏం చేస్తున్నారో ముందు అది కనుక్కోవాలి. సోమవారం నుంచి ఆ పని చూడు" అన్నారు. "అంటే సార్, నా ఉద్యోగం..." అని నసిగాను. "పని చెబుతున్నాను కదా!" అని విసుక్కుని బస్సెక్కేశారు. నేను ఫోరస్ రోడ్ పొడవునా పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను.

వచ్చేసరికి చాళ్ అంతా మూలుగులే. పందెం వేసుకున్న ముసలమ్మలు చాపల మీద పడుకుని ఉన్నారు. మేస్త్రితాత వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నాయనమ్మ ఇంకా ఆ చివరి మెట్టు మీదే ఉంది, ఎక్కలేక. నేనూ నాయినా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశాం. ఆ సాయంత్రం వావిలాకు నీళ్ళు కాచి, ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి, ఖోలీ ఖోలీ తిరిగాను. ఒంటి మీద కోటు లేదు. "నొప్పి ఎట్లుంది?" అని అడిగితే, "సస్తున్న బిడ్డా" అన్నారు, "పానం పోతున్నది" అన్నారు, మేస్త్రితాత చెప్పింది ఇక్కడ రాయలేను. నా ఉద్యోగ జీవితంలో నేను సేకరించిన మొదటి నిజమైన జవాబులు అవి.

ఆఖరికి మా నాయనమ్మ దగ్గర కూర్చుని మోకాళ్ళకు కాపడం పెడుతుంటే, ఆమె మూలుగు ఆపి, "నౌకరి ఏమన్నడు మీ సారు?" అంది.

"ఉన్నది నాయనమ్మా. సోమవారం రమ్మన్నడు."

"గట్లనా" అంది. తర్వాత నా చేతిలోని మూటను పక్కకు నెట్టి, "అయితే తగ్గిందిలే బిడ్డా. ఇగ పండుకో పో" అంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అదే పనిలో ఉన్నాను, ఎంతోమందిని అదే ప్రశ్న అడిగాను. నాయనమ్మ జవాబును మాత్రం మందు వల్ల తగ్గినదాని కింద రాయాలో, నమ్మకం వల్ల తగ్గినదాని కింద రాయాలో తెలియక, ఉప్పుమూట చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయిన ఆనాటి ఆ పిల్లకు, ఇప్పుడైనా చెబుదామంటే నాకూ తెలియదు.