నా ఎత్తు బెల్లం

కాలేజీలో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. ద్రవ్యరాశి వేరు, బరువు వేరు అని ఏటా బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కూడా గీస్తాను. ఆ తేడా నా ఒంటికి తెలిసింది మాత్రం హుస్నాబాద్‌లో ఒక బెల్లం దుకాణం ముందు, తక్కెడలో కూర్చున్నప్పుడు.

అంతకు ముందు ఇచ్చోడలో ఒక్కణ్ణే గది తీసుకుని ఉద్యోగం చేసేవాణ్ణి. ఒక వానాకాలం డెంగీ వచ్చి పడిపోతే కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చారు. ప్యాంటు నడుము మీద నిలవనంత చిక్కిపోయాను. మంచం పక్కన కూర్చున్న మా అవ్వ, అంటే మా అమ్మ, నన్ను ఒక్క మాటైనా అడగకుండా సమ్మక్క తల్లికి మొక్కేసింది. కొడుకు లేచి తిరిగితే వాడి ఎత్తు బంగారం ఇస్తానంది. ఆ తల్లికిచ్చే బెల్లాన్ని మా వైపు బంగారమనే అంటారు. తక్కెడలో ఒకవైపు మనిషిని కూర్చోబెట్టి, రెండోవైపు సరితూగేదాకా బెల్లం వేసి, దాన్ని జాతరలో తల్లి కొలువుండే గద్దె దగ్గర సమర్పిస్తారు.

నేను లేచి తిరిగాను. తిరిగినదానికన్నా తిన్నదే ఎక్కువ. అవ్వ నాతో ఇచ్చోడ వచ్చి ఉండిపోయింది. జొన్నరొట్టె మీద నెయ్యి పోసి, నేను చాలన్నాక ఇంకొకటి వేసేది. జాతర రెండేళ్లకోసారి గదా, అది వచ్చేనాటికి నా చొక్కా గుండీలు ఒకదాన్నొకటి అందుకోలేకపోయాయి. నలుగురి ముందు తక్కెడ ఎక్కాలంటే సిగ్గేసింది. ఆ సిగ్గును శాస్త్రంతో కప్పుకుందామనుకున్నాను.

"అవ్వా, బరువంటే భూమి నన్ను గుంజుడే. గదే చంద్రుని మీదైతే నేను ఆరో వంతే తూగుత," అన్నాను.

ఇంకా చెప్పబోతుండగా నాకే తట్టింది. అక్కడ బెల్లం కూడా ఆరో వంతే తూగుతుంది. తక్కెడకు రెండు పక్కలా నష్టం ఒక్కటే. నేను ఏ లోకానికి పారిపోయినా నాకు సరితూగే బెల్లం ఇదే. మాట అక్కడే ఆపేశాను. అవ్వ, తినమని, చల్లారిపోతుందని చెప్పింది.

జాతర ముందు రోజు నేనూ, ఆ మధ్యే పెళ్ళాడిన నా భార్యా, అవ్వా హుస్నాబాద్ వెళ్ళాం. దుకాణదారు మూడు దుంగలు నిలబెట్టి పెద్ద తక్కెడ వేలాడదీశాడు. అవతలి పళ్ళెంలో ముందే కొంత బెల్లం ఉంది. నేనెక్కగానే నా పళ్ళెం నేలకు తగిలింది. ముద్ద మీద ముద్ద వేస్తూ పోయారు. చూసేవాళ్ళు పెరిగారు. నేను కదల్లేదు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. ఇంకా ఎంత అని ఎవరో అడిగితే, వేసిన కొద్దీ పడుతుందని దుకాణదారు మర్యాదగానే చెప్పాడు.

ఎట్టకేలకు నేను గాల్లోకి లేచాను. లేచి, ఊగడం మొదలుపెట్టాను. దుకాణదారు పళ్ళెం పట్టుకుని ఆపబోయాడు. ఆపలేక నాతోపాటు నాలుగడుగులు వచ్చాడు. పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదనిపించింది. నా బరువునైతే గొలుసులు మోస్తున్నాయి, మీరు తలపడుతున్నది నా జడత్వంతో, ద్రవ్యరాశి ఎంత ఎక్కువైతే కదిలించడమూ ఆపడమూ అంత కష్టమని పైనుంచి వివరించాను.

"సార్, జర సప్పుడు జేయకుండ్రి. మీరు మాట్లాడినకొద్ది ఊగుతున్నరు," అన్నాడతను.

నిజమే, చేతులు తిప్పకుండా నాకు పాఠం రాదు.

చివరికి తక్కెడ నిలిచింది. ముల్లు సరిగ్గా మధ్యకొచ్చింది. అందరూ దండం పెట్టుకున్నారు. నేను తృప్తిగా కిందికి దిగాను. ఒకవైపు భారం తీసేస్తే రెండోవైపు పడుతుందని ఎన్నో ఏళ్లుగా చెప్తున్నవాణ్ణి, ఎవర్నీ పట్టుకోమనకుండా ఒక్కసారిగా దిగేశాను. బెల్లం పళ్ళెం దబ్బున నేల మీద పడింది. నా ఖాళీ పళ్ళెం పైకి లేస్తూ నా గడ్డానికి తగిలింది. ముద్దలు పగిలి దుకాణం ముందంతా చెల్లాచెదురయ్యాయి.

అవ్వ తిడుతుందనుకున్నాను. ఆమె కింద కూర్చుని ముక్కలు ఏరుతోంది. గడ్డం పట్టుకునే నేనూ పక్కన కూర్చున్నాను. పగిలింది పనికొస్తుందా, మళ్ళీ తూచాలా అని అడిగాను.

"తల్లి ముద్దలు లెక్కవెడ్తదా," అంది. ఇంకో ముక్క ఏరి కొంగులో వేసుకుంది. తర్వాత నా వైపు చూడకుండానే, "దవాఖానల నిన్ను అటు ఇటు మర్లేస్తుంటే నా చేతులకు ఏం తెల్వకపోతుండె బిడ్డా. గాలిని మర్లేసినట్టే ఉండె. గీ ముద్దలు పడ్తుంటే, ఇంక పడాలె, ఇంక పడాలె అనుకున్న," అంది.

నేను సిగ్గుతో చస్తున్నంతసేపూ ఆమె సంబరపడుతోందన్నమాట. పాఠమేమీ చెప్పకుండా ముక్కలేరాను. ఆ రోజుకు అదొక మార్పు.

మర్నాడు బెల్లాన్ని బుట్టల్లో సర్ది జాతరకు తీసుకెళ్ళాం. ఒక బుట్ట నేనే నెత్తికెత్తుకున్నాను. అది నాలో నాలుగో వంతు కూడా ఉండదు. సగం దారికే మెడ పట్టేసింది. ముందున్నవాళ్ళు ఆగితే నేను ఆగాను గానీ నెత్తి మీది బుట్ట వెంటనే ఆగలేదు, ఒక ముసలాయన దాన్ని పట్టుకుని నిలబెట్టాడు. జడత్వమని ఆయనకు చెప్పబోయి మానుకున్నాను. గద్దె దగ్గర బుట్ట దించాక, అవ్వ ప్రసాదమని ఒక ముక్క విరిచి నా నోట్లో పెట్టి, ఇంకొకటి తినమంది.