నీళ్లు పోయకూడని మొక్క

బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి పిన్ని, గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు గ్లాసుతో నీళ్లిచ్చేది. మాటలన్నీ తర్వాతే. పోస్ట్‌మేన్‌కైనా అంతే, అమ్మ మీద అలిగి వచ్చిన నాకైనా అంతే.

అలాంటి మనిషికి ఒక రాజస్థానీ ఇల్లాలు బదిలీ మీద వెళ్తూ తన కేర్ పొదను అప్పగించింది. అది ఎడారి మొక్క. ఆకులుండవు, అన్నీ పచ్చటి పుల్లలే. "పానీ మత్ దేనా బహన్, మర్ జాయేగా" అని, నీళ్లు పోస్తే చచ్చిపోతుందని మరీ మరీ చెప్పింది.

సాయంత్రం మిగతా మొక్కలన్నిటికీ నీళ్లు పోసి, దాని దగ్గరికొచ్చేసరికి పిన్ని చెంబు వెనక్కి దాచుకునేది. "సూడకే తల్లీ, నీకు పడదట" అనేది.

వానలు మొదలయ్యాయి. పిన్ని భర్త, రైలు గార్డు బాబాయి డ్యూటీకెళ్తూ రెయిన్‌కోటు కోసం ఇల్లంతా వెతికాడు. అది పెరట్లో, కర్రలు పాతి, పొద మీద పందిరిలా కట్టి ఉంది.

"ఏటే ఇది?"

"మీరు తడిత్తే ఇంటికొచ్చి తుడుసుకుంటారు. అదెక్కడికెల్తాది?" అంది పిన్ని.

బాబాయి గోనెసంచి నెత్తిన కప్పుకుని వెళ్లాడు.

మరుసటి వేసవిలో కుళాయిలు సరిగా రాక మా గులాబీలన్నీ మాడిపోయాయి. ఆ పుల్లలకు మాత్రం ఎర్రటి పూలు విరగబూశాయి. పిన్ని నన్ను పిలిచి చూపించింది. అలవాటుగా చేతిలో గ్లాసు ఉంది.

"నా సేత్తో గుక్కెడు నీళ్లైనా తాగనేదు. అయినా నామీద కోపం పెట్టుకోనేదు సూడు" అంది. తర్వాత పొద తరఫున ఆ నీళ్లు తనే తాగేసింది.