పద్నాలుగు రోజుల మాత్రలు

ప్రపంచంలో మలేరియా లేకుండా చేయాలంటే ముందు దేని మీద పరిశోధన చేయాలో తేల్చడానికి మమ్మల్ని ఖమ్మంలో ఏసీ హాల్లో కూర్చోబెట్టారు. మమ్మల్ని అంటే, అడవి అంచు పల్లెల్లో వేలు గుచ్చి రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్లని. గోడకు పెద్ద చార్టు. కొత్త టీకా, కొత్త మందు, కుట్టినా జబ్బు అంటించని దోమ అని వరుసగా రాసి ఉంది. తలా మూడు రంగు కాగితపు బిళ్లలిచ్చి, మీకు ముఖ్యమనిపించిన వాటి పక్కన అంటించమన్నారు. ఇదీ వాళ్ల తెలివి.

హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన గంటసేపు దోమ గురించి చెప్పాడు. సొంత అల్లుడి గురించి కూడా ఎవరూ అంత మురిపెంగా చెప్పుకోరు. మనిషి మాట ఒక్కసారి కూడా రాలేదు.

నా బుర్రలో ముందురోజు చూసిన పిల్లే తిరుగుతోంది. జూలూరుపాడు దాటి లోపలికి వెళ్తే వచ్చే గూడెం. ఎనిమిదేళ్ల పిల్లకు మూడోసారి జ్వరం. కాలేయంలో దాక్కుని మళ్లీ మళ్లీ లేచే రకం మలేరియా. జ్వరం తగ్గాక కూడా పద్నాలుగు రోజులు మాత్రలు మింగాలి. రెండుసార్లూ ఇచ్చింది నేనే.

"అన్నీ మింగిచ్చినవా అమ్మా?" అని తల్లిని అడిగాను.

"మింగిచ్చిన సారూ. ముగ్గురు పిల్లలకూ సమానంగ పంచిన."

"జ్వరం ఒక్కదానికే గద?"

"ఇంట్లకు ఏదొచ్చినా ముగ్గురికీ పెడత. ఒక్కదానికే ఎట్ల పెడత?"

తేనె తెచ్చినా, ఇప్పపూలు తెచ్చినా ఆ ఇళ్లలో పంచుకునే తింటారు. నాకది బాగా తెలుసు. తెలిసీ రెండుసార్లూ బండి దిగకుండానే కవరు చేతిలో పెట్టి, "రోజుకొకటి" అని చెప్పి వచ్చేశాను. పిల్ల కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. ఇంకో రెండుసార్లు జ్వరమొస్తే ఆ ఒంట్లో రక్తం మిగలదు. ఆ రోజు జ్వరం మాత్రలిచ్చాను గానీ, పద్నాలుగు రోజులవి నా దగ్గర లేవు. రేపు పెద్ద మీటింగుంది, ఎల్లుండి తెస్తానని చెప్పాను.

మైకు నా దగ్గరికొచ్చింది. మాత్ర ఎవరి నోట్లోకి పోతుందో ముందు అది కనుక్కోండని చెప్పాలి. అంతే. ముందు వరుసలోంచి మా ఆఫీసరు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన బిళ్లలన్నీ టీకా పక్కనే ఉన్నాయి.

"టీకానే సార్" అన్నాను. నా మూడు బిళ్లలూ అక్కడే అంటించాను. చప్పట్లు కొట్టారు. సిగ్గులేని మనిషిని, మధ్యాహ్నం బిర్యానీ రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

మర్నాడు గూడేనికి వెళ్లి, ఈసారి బండి దిగి, మొదటి మాత్ర పిల్ల చేత నా ఎదుటే మింగించాను.

"మీటింగుల మా ముచ్చట చెప్పినవా సారూ?" అంది తల్లి.

"అవ్, చెప్పిన" అన్నాను.

ఆమె తృప్తిగా తలూపింది. "అట్లయితె ఇగ ముగ్గురికీ సరిపోను పంపుతరు."