డబ్బాలో ఎండ

వెలుగుతున్న బుగ్గ, అదే కరెంటు బల్బు, కనబడితే సాల్మన్ రాజు చెయ్యి ఆయన మాట వినదు. ఆర్పాల్సిందే. అది ఎవరి బుగ్గ, ఎందుకు వెలుగుతోంది అన్న విచారణంతా ఆర్పిన తర్వాతే.

ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా పనిచేశాడు. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం చుట్టుపక్కల ఆయన ఎక్కని స్తంభం లేదు. గాలివానలో స్తంభమెక్కి ఊళ్లకు వెలుగిచ్చిన మనిషి, రిటైరయ్యాక ఇంటింటికీ తిరిగి ఆ వెలుగు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాడు. అడిగినవాళ్లకు ఒకటే జవాబు: "ఇచ్చినోనికి తీసుకునే హక్కు లేదా?"

మంచాలలో ఒక పెళ్లికి వెళ్లి, మిట్టమధ్యాహ్నం స్టేజీ మీద ఫోకస్ లైట్లు చూసి తట్టుకోలేకపోయాడు. "పగటి పూట గిన్ని బుగ్గలెందుకు? బంజెయ్!" అని కెమెరామన్‌ను అడగడమూ, స్విచ్ నొక్కడమూ ఒకేసారి జరిగాయి. ఆ ఆల్బంలో ఒక ఫొటోలో పెళ్లికొడుకు నోరు తెరిచి పైకి చూస్తూ ఉంటాడు. చర్చిలో రాత్రి ఆరాధనప్పుడు ఇంకా ఘోరం. పాస్టరు గారు దీర్ఘ ప్రార్థనలో ఉండగా లేచి వెళ్లి అన్నీ ఆర్పేశాడు. ఆమెన్ అన్నాక కళ్లు తెరిచినా మూసినా ఒకటిగానే ఉంది. "అందరు కండ్లు మూసుకున్నంక బుగ్గలెవలికి?" అన్నాడు.

"గంతేనా," అంటుంది ఆయన భార్య మరియ. "ఫ్రిజ్ తలుపు మూసినంక లోపల బుగ్గ ఆరుతదా, ఆరదా అని ఈ మనిషికి ఇరవై ఏండ్ల సంది ఫికర్."

అలాంటి మనిషి ఇంట్లో, వెనక వైపు రెండు గదుల్లో వనిత అద్దెకు ఉండేది. ఒక్కతే. నగరంలో ఒక ఆసుపత్రి ల్యాబులో మూడేళ్లు రాత్రి డ్యూటీ చేసింది. ఆ వేసవి చివర్లో పగటి డ్యూటీకి మార్చారు. డ్యూటీ మారిందన్న కబురు ఒంటికి మాత్రం అందలేదు. నిద్ర తెల్లవారుజామున వచ్చేది, పదింటికి గానీ వదిలేది కాదు. పక్కన మూడంతస్తుల ఇల్లు లేవడంతో ఆ గదుల్లోకి ఎండ రావడం మానేసింది. పైగా ముసురు పట్టింది. వనితకు తిండి సయించేది కాదు, మాట బరువయ్యేది. వారానికి మూడుసార్లు బస్సు తప్పేది. ల్యాబు ఇన్‌చార్జి రెండుసార్లు హెచ్చరించాడు.

ఒకరోజు మరియ, "మోకాళ్లు గుంజుతున్నయ్, జర తోడు రా బిడ్డా," అని వనితను దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ డాక్టరమ్మ మోకాళ్ల కంటే వనిత ముఖాన్నే ఎక్కువసేపు చూసింది. కళ్లకేమైనా జబ్బుందా, ఇంతకుముందు ఏం మందులు వాడావు అని అన్నీ అడిగి, ఒంటికి వెలుతురు చాలడం లేదని లైట్ థెరపీ డబ్బా తెప్పించుకోమని కాగితం రాసిచ్చింది. పదివేల లక్స్ వెలుతురు. రోజూ ఒకే వేళకు, లేవగానే, ముప్పై నిమిషాలు.

పార్సిల్ వచ్చిన మర్నాడు వనిత డబ్బాను బల్ల మీద పెట్టి బటన్ నొక్కింది. కిటికీ తెల్లగా వెలిగిపోయింది. రెండు నిమిషాలు కాలేదు, డబ్బా ఆరింది, ఫ్యానూ ఆగింది. బయట మెయిన్ స్విచ్ దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"పగటి పూట గంత బుగ్గా! బంజేసిన!"

వనిత బయటికొచ్చింది. "పెద్దనాయినా, అది బుగ్గ కాదు. మందు."

"మందా? మింగేదా, రాసుకునేదా?"

"ముంగట కూసునేది. దాని దిక్కు మాత్రం చూడొద్దు."

"చూడనిదానికి ముంగట కూసునుడెందుకు?"

"ఎండకు బదులు."

సాల్మన్ రాజు మెయిన్ వదిలేసి దగ్గరికొచ్చాడు. "ఇబ్రహీంపట్నంల ఎండకు బదులా? ఎండకాలం వస్తె కోళ్లు సుత నీడకు ఉరుకుతయి గదనే! గా ఎండను డబ్బల వెట్టి ఎవడో అమ్మిండు, నువ్వు కొన్నవ్! నడువ్, మిద్దె మీద అసలుది చూపిస్త."

మూడు రోజులు చూపించాడు. ముసురులో, ఒక గొడుగు కింద ఇద్దరూ మిద్దె మీద నిలబడి తూర్పుకు చూశారు. "వస్తడు, వస్తడు. సూర్యుని డ్యూటీ సుత మారిందో ఏమో," అంటూ ఆయన ధైర్యం చెప్పాడు. మూడోరోజు మరియ కింది నుంచి కేకేసింది. "ఓ మనిషీ! పిల్లకు జొరమొస్తది, దించు!"

దిగొచ్చి, డాక్టరమ్మ కాగితం వనిత చేత రెండుసార్లు చదివించుకున్నాడు. లైన్‌మన్‌కు రాతపూర్వకంగా ఉన్న రూలంటే భక్తి. "సరె. ముప్పై నిమిషాలని రాసున్నది గద. ముప్పై ఒకటో నిమిషంల బంజేస్త. నేనే వస్త."

మర్నాడు సరిగ్గా ఆరింటికి తలుపు దడదడలాడింది. వనిత పడుతూ లేస్తూ వచ్చి తీసింది. సాల్మన్ రాజు లోపలికొచ్చి బటన్ నొక్కాడు. ఆయన చేత్తో ఒక లైటు వెలగడం మరియ కూడా వచ్చి చూసి, నమ్మలేక వెళ్లిపోయింది.

ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకున్నాడు. వాచీ మీద ఒక కన్ను, వనిత మీద ఒక కన్ను.

"గంత దూరం కూసున్నవేంది? చెయ్యి చాపితె అందాలె అన్నది డాక్టరమ్మ. జరుగు."

జరిగింది.

"గట్ల గుడ్లప్పగించి దాన్నే చూడకు. డబ్బా పక్కకుండాలె."

తల తిప్పింది.

"గట్లని కండ్లు మూస్తె ఎట్ల? నిద్రవోతున్నవా? ఉప్మా తిను."

ముప్పై నిమిషాలకు టక్కుమని శబ్దం. "బంజేసిన." ఆయన ముఖంలో అంతటి తృప్తి అన్నం తిన్నప్పుడు కూడా కనబడదు.

ఒక సాయంత్రం వనిత, రెండు పూటలా కూర్చుంటే రెండింతలు పనిచేస్తుందేమోనని డబ్బా వెలిగించింది. ఎక్కడున్నాడో గాని ఊడిపడ్డాడు. "మాపటీలి వద్దని రాసి లేదా? ఇప్పుడు గిది చూస్తె మల్ల తెల్లారేదాంక జాగారమే!" టక్.

పది రోజులకు రాత్రి పదింటికి ఆవులింతలు మొదలయ్యాయి. బస్సు దొరకసాగింది. కానీ పొద్దున్నే ఆ దడదడ, ఆ వాచీ, ఆ టక్కు వనిత ప్రాణం విసిగించాయి. ఒక ఆదివారం తలుపు తీయకుండానే అరిచింది.

"ఇయ్యాల ఆదివారం! నీ కరెంటు నేనేం తాగుత లేను. రేపటి నుంచి రాకు పెద్దనాయినా, బంజేసుకునుడు నాకు తెల్సు!"

బయట చెప్పుల చప్పుడు మెల్లగా దూరమైంది.

సోమవారం తలుపు చప్పుడు కాలేదు. వనిత లేచేసరికి తొమ్మిది. ల్యాబుకు పరుగెత్తితే ఇన్‌చార్జి ఒకే ముక్క అన్నాడు. "ఇంకొక్క రోజు లేటైతే రానక్కర్లేదు."

సాయంత్రం వనిత వచ్చి మరియ వంటింటి గడప మీద కూలబడింది. మరియ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

"పెద్దనాయిన ఇయ్యాల రాలేదు," అంది వనిత, నేరం ఆయనదే అన్నట్టు.

"రావద్దంటివంట గద. పొద్దుగాల నాలుగు సార్లు నీ తలుపు దాక వోయి మల్లొచ్చిండు. 'కొడదునా మరియా' అని నన్నడుగుడు. నేనేం జెప్పాలె?"

"ఆయన ప్రేమ, పావురం అన్ని కరెంటు మీదనే గద..."

మరియ నవ్వింది. "పిచ్చిదానా. పొద్దుగాల గీ గల్లీల అందరి వాకిలి బుగ్గలు బంజేసుకుంట పోతడు గద. నీ వాకిలిది ఎన్నడన్న బంజేసిండా?"

వనిత ఆలోచించింది. లేదు. ఎన్నిసార్లో పదింటికి లేచి తానే ఆర్పింది.

"ఒంటిగ ఉండేటోళ్ల బుగ్గ ముట్టడు. ఆయన బంజేస్తె, వాళ్లు లేసిన్రో లేదో ఎట్ల తెలుస్తది? ఏడు దాటినంక సుత వెలుగుతుంటె తలుపు కొడతడు. పోయినేడు మూలింటి ఇంద్రమ్మ బాత్రూంల జారి పడితె గట్లనే తెల్సింది. నీ బుగ్గ రెండు నెలలు పదింటి దాక వెలిగింది. తలుపు కొడతనంటె, పండుకోనీ అని నేనే ఆపిన. రోజు వచ్చి నాతోని ఒకటే పాట. 'పిల్ల ఇంక లేవలే. పిల్లకేందో అయింది. దవాఖానకు తోల్కపో.'"

"మరి నీ మోకాళ్లు?"

"నా మోకాళ్లకేమైంది? ఇనుప మోకాళ్లు."

వనిత చేతికందిన నాలుగు చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. తర్వాత లేచి ముందు వసారాలోకి వెళ్లింది. సాల్మన్ రాజు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"పెద్దనాయినా, రేపు ఆరింటికి రా."

"ఎందుకు? బంజేసుకునుడు నీకు తెల్సు గద."

"బంజేసుడు తెల్సు. లేసుడే తెల్వది."

పేపరు కిందికి దిగింది. "గదే అనుకున్న," అన్నాడు గంభీరంగా. "ముప్పై నిమిషాలే, మల్ల. కరెంటు ఊకె రాదు."

ఆయన అదే కారణం మీద చివరిదాకా నిలబడ్డాడు. ఇంద్రమ్మ సంగతి అడిగితే, అదీ కరెంటు కోసమే అన్నాడు.

ఆ తర్వాత వనిత ఒక్క బస్సూ తప్పలేదు. ఇన్‌చార్జి నోటికి పని లేకుండా పోయింది. ముసురు వెళ్లింది, బతుకమ్మ వచ్చింది, చలి మొదలైంది. డాక్టరమ్మ డబ్బా ఇంకొన్నాళ్లు వాడమంది.

ఒక ఉదయం వనిత డబ్బా పక్కన కూర్చుని, ఉప్మా చేతిలోనే పెట్టుకుని, ల్యాబులో జరిగిన సంగతి చెబుతోంది. రక్తపరీక్షకు వచ్చిన ఒక పహిల్వాన్ సూది చూసి కళ్లు తిరిగి పడితే, లేపడానికి ఆరుగురు కావలసి వచ్చారట. చెబుతూ సగంలోనే తానే పడిపడి నవ్వుతోంది. సాల్మన్ రాజు కుర్చీ గోడకు ఆనించి, నోరు తెరుచుకుని వింటున్నాడు. వాచీలో ముప్పై దాటింది. ముప్పై అయిదు దాటింది.

వనితే చూసి ఉలిక్కిపడింది. "అయ్యో, టైం ఒడిసింది పెద్దనాయినా! బంజెయ్యవా?"

"ఆగు బిడ్డా," అన్నాడు సాల్మన్ రాజు. "ముందుగాల గా పహిల్వాన్‌ని లేపు."